డీసీ చుట్టుపక్కల ఎగురుతుంటే రేడియో మూగబోయిందా?

నమస్తే అండీ. ఈ వీడియో ఉత్తర వర్జీనియాలో చిన్న విమానం నేర్చుకుంటున్న మనవాళ్ల కోసం. లీస్‌బర్గ్, మనాసస్ రెండూ ఎస్‌ఎఫ్‌ఆర్‌ఏ (డీసీ చుట్టూ ప్రత్యేక నిబంధనలున్న గగనతలం) లోపలే ఉన్నాయి కాబట్టి మీకు ఈ బెడద మొదటి పాఠం నుంచే. డీసీ చుట్టూ 30 నాటికల్ మైళ్ల వలయం, నేల నుంచి 18,000 అడుగుల దాకా. మామూలుగా ఫ్లైట్ ప్లాన్, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి మన విమానాన్ని చూపించే పెట్టె) మీకిచ్చిన కోడ్, కంట్రోలర్‌తో మాట, ఈ మూడూ ఉండాలి. ఆ మాట మధ్యలో తెగిపోతే?

నాకోసారి తెగింది. టేకాఫ్ అయి పది నిమిషాలు కాలేదు, చెవుల్లో చప్పుడే లేదు, చెమటలు పట్టేశాయి, తీరా చూస్తే మోకాలు తగిలి హెడ్‌సెట్ ప్లగ్ సగం ఊడి వేలాడుతోంది! అందుకే ముందు ప్లగ్గులు, వాల్యూమ్, ఆడియో ప్యానెల్‌లో ఏ రేడియో నొక్కారో చూడండి, పాత ఫ్రీక్వెన్సీకి వెళ్లి ఓసారి పిలవండి. రేడియో తెర మీద టీఎక్స్ (మన మాట బయటికి వెళ్తోందని గుర్తు) అక్షరాలు ఆరకుండా వెలుగుతున్నాయా? మైక్ బటన్ ఇరుక్కుంది. మీకు ఏమీ వినబడదు సరే, మీరు కాక్‌పిట్‌లో తిట్టుకునేవన్నీ మాత్రం అందరూ వింటుంటారు. ఆ మైక్ ప్లగ్ పీకేయండి.

ఇదంతా నిమిషంలో అయిపోవాలి. అప్పటికీ లాభం లేకపోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టి, వలయం నుంచి దగ్గరి దారిలో పక్కకి బయటపడండి. బయల్దేరిన ఎయిర్‌పోర్టు దగ్గర్లోనే ఉంటే తిన్నగా అక్కడికే వెళ్లొచ్చు. 7600 పెట్టాం కదా, ఇక మన దారిన మనం పోవచ్చు అనుకునేవాళ్లని చూశాను. అది పర్మిషన్ కాదండీ, రేడియో పోయిందని చెప్పడం మాత్రమే. 1200 (వేరే చోట్ల మామూలుగా అందరూ పెట్టుకునే కోడ్) అయితే పొరపాటున కూడా పెట్టకండి.

ఆల్టర్నేటర్ (కరెంటు తయారుచేసేది) పోతే కథ వేరు. బ్యాటరీ అయిపోయేలోపు రేడియో, ట్రాన్స్‌పాండర్ రెండూ పోతాయి, కాబట్టి వార్నింగ్ లైట్ వెలగగానే, గొంతు పనిచేస్తుండగానే కంట్రోలర్‌కి చెప్పేసి, అక్కర్లేని లైట్లన్నీ ఆపేయండి.

కింద నుంచి ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ లేజర్ మీ మీద పడుతోందంటే ఇంకా లోపలే తిరుగుతున్నారని హెచ్చరిక. పక్కకి ఫైటర్ జెట్ వస్తే రెక్కలు ఊపి, దాని వెనకే వెళ్తూ, రేడియో ఏ కాస్త పలికినా 121.5లో (అత్యవసర ఫ్రీక్వెన్సీ) పిలవండి. 2005 మే 11న ఓ సెస్నా 150 ఇలా దారితప్పి లోపలికి వచ్చేస్తే వైట్‌హౌస్, క్యాపిటల్ ఖాళీ చేయించారు, ఎఫ్-16లు హెచ్చరికగా మంట గుళ్లు (ఫ్లేర్లు) వదిలాయి, చివరికి మేరీల్యాండ్‌లోని ఫ్రెడరిక్‌లో దింపారు.

టవర్ ఉన్న చోట దిగుతుంటే లైట్ గన్ (టవర్ నుంచి మీకు చూపించే రంగుల లైటు) చూడండి: ఆగకుండా ఆకుపచ్చ అయితే దిగొచ్చు, ఆగకుండా ఎరుపు అయితే దారిచ్చి తిరుగుతూ ఉండాలి, ఎరుపు ఆరుతూ వెలుగుతుంటే అక్కడ దిగొద్దు. దిగాక ముందు కంట్రోలర్లకి ఫోన్ చేయండి, పది రోజుల్లోపు నాసా రిపోర్ట్ (జరిగింది మనమే చెప్పుకునే విమాన భద్రతా నివేదిక) ఫారం కూడా నింపేయండి.

ఇక బ్యాగులో చేతి రేడియో ఒకటి పడేసుకోండి. ఉంటే చాలదు, ఛార్జింగ్ ఉండాలి. ఈ వీడియోలో చూపిద్దామని నాది తీస్తే అసలు ఆన్ అవ్వలేదు, అందుకే చూపించలేదు.