అమ్మకానికి పాత మండువా ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు, తెనాలి, గుడివాడ పరిసరాల పల్లెల్లో ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. పాత మండువా ఇల్లు ఒకటి అమ్మకానికి ఉందని, కాస్త బాగు చేయించుకోవాలని చెబుతారు. విన్నవారు వెంటనే అడిగేది స్థలం ఎన్ని సెంట్లు, ముందు రోడ్డు ఎన్ని అడుగులు అని. మధ్యవర్తి సెంటుకింత అని లెక్క కట్టి ధర చెబుతాడు; ఇంటికి విలువ కట్టడు సరికదా, పడగొట్టి మట్టి ఎత్తించే ఖర్చును ఆ ధరలోంచి తగ్గించమని కొనేవారికి తానే సలహా ఇస్తాడు. తలుపులు, స్తంభాలు కలప వ్యాపారికి విడిగా వెళ్లిపోతాయి. ఇది అన్యాయమైన బేరమని నా అభిప్రాయం. ఇంటిని నిలబెట్టాలా, పడగొట్టాలా అన్నది దాన్ని కింది నుంచి పైదాకా చూసిన తర్వాత తేల్చవలసిన విషయం. మనం చూడకముందే తేల్చేస్తున్నాం.

1855లో బెజవాడ దగ్గర కృష్ణానది మీద ఆనకట్ట పూర్తయి, కాలువల కింద భూములు మాగాణులయ్యాక, ఆ వరి పంటల మీద మిగిలిన డబ్బుతోనూ, తరువాతి కాలంలో మెట్ట ఊళ్లలో పొగాకు మీద వచ్చిన డబ్బుతోనూ కట్టుకున్న ఇళ్లు వీటిలో చాలా ఉన్నాయి. వీధి అరుగు ఎక్కి, సింహద్వారం దాటి లోపలికి వెళితే, ఇంటి నడుమ ఆకాశం కనబడే మండువా ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు దానిలోకి వాలి ఉంటుంది కాబట్టి వాననీరంతా అందులోనే పడి, మూలనున్న తూము గుండా బయటికి పోతుంది. ఎండాకాలంలో ఇంట్లోని వేడిగాలి ఆ ఖాళీ గుండా పైకి పోతుంటే, కిటికీల నుంచి, పెరటి గుమ్మం నుంచి కొత్తగాలి లోపలికి వస్తుంది. గుంటూరు మే నెల ఎలా ఉంటుందో ఎరిగినవారికి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంటి వయసు తెలుసుకోవడానికి ముందుగా ద్వారబంధం చూడాలి. కొన్ని ఇళ్లలో అక్కడ తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉంటుంది. ప్రమోదూత అని ఉంటే అది 1930 కావచ్చు, అరవై ఏళ్లు వెనక్కి వెళితే 1870 కూడా కావచ్చు. అప్పుడు ఒక పెంకును దించి వెనక్కి తిప్పి చూడాలి. మంగుళూరు పెంకుల మీద కార్ఖానా ముద్ర ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారు పెంకుల కార్ఖానా పెట్టింది 1865లో. కాబట్టి ఆ పెంకు అంతకు ముందుది కాదు. అయితే గూన పెంకు తీసేసి తరువాత మంగుళూరు పెంకు వేయించిన ఇళ్లూ ఉంటాయి కనుక, కప్పు వయసే ఇంటి వయసని అనుకోకూడదు.

ఇటీవల తెనాలి దగ్గర కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్లో అలాంటి ఇంటిని నేను నిదానంగా చూశాను. సావిడి స్తంభాలు చెక్కు చెదరలేదు. నేల మీద పరిచిన నాపరాళ్లు కాళ్ల రాపిడికి నునుపెక్కి ఉన్నాయి. కానీ రెండు కప్పు వాలులు కలిసే ఈశాన్య మూలలో నాలుగైదు పెంకులు పగిలి, ఆ నీరు వాసం వెంట జారి, దూలం గోడలోకి దిగే చోట నిలిచింది. ఆ దూలం కొసలో స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగింది, పొడి రాలింది. అక్కడి నుంచి రెండు మూరలు ఇవతల అదే దూలాన్ని సుత్తితో తడితే గట్టి టేకు ఖంగుమని పలికింది. ఆ ఇంటి వాళ్లకు చెప్పినవారేమో కప్పంతా పోయిందని చెప్పారు! పోయింది ఒక దూలం కొస మాత్రమే. చివికిన భాగం కోసేసి, అదే జాతి కలపతో అతుకు వేసి బిగించగల వడ్రంగులు ఇప్పటికీ మన జిల్లాల్లో ఉన్నారు.

అందుచేత మరమ్మతు ఎప్పుడూ కప్పుతో మొదలుకావాలి. తరువాత తూము, దాని వెంట నీరు పోయే దారి. ఈ రెండూ సరిచేయకుండా గోడలకు రంగులు వేయించడం డబ్బు దండగ. మన ప్రాంతంలో మరో చిక్కు నేలతో ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నోళ్లు తెరుస్తుంది. దానితో పాటు పునాదులూ కదిలి గోడలు బీటలిస్తాయి. బీట కనబడగానే బెదిరిపోనక్కరలేదు. దానికి అడ్డంగా సున్నపు ముద్ద పెట్టి, పక్కన తేదీ రాసి, ఒక వానాకాలమూ ఒక ఎండాకాలమూ గడిచేదాకా చూడాలి. ముద్ద పగలకపోతే అది ఎప్పుడో ఆగిపోయిన బీట; పగిలితే ఇంజనీరును పిలవాలి.

గోడల విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయించవద్దు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు ఆ చెమ్మను లోపలే బంధిస్తుంది. తెనాలి దగ్గరి ఇంట్లో ఎవరో మోకాలెత్తున సిమెంటు పూయించారు; చెమ్మ దాని వెనకగా పైకెక్కి, సిమెంటు ఆగిన చోట గోడంతా పెచ్చులూడుతోంది. సున్నానికి మనం దూరం వెళ్లనక్కరలేదు, పల్నాటి పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరే. పూర్వం సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగాడించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చేర్చేవారు. ఆ పని తెలిసిన తాపీ మేస్త్రీలు తగ్గిపోయారన్నది నిజం. వెతికి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక వారిని తొందరపెట్టకూడదు.

ఇక కాగితాలు. ఇలాంటి ఇల్లు తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయి ఉంటుంది. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు, 2005 నాటి కేంద్ర సవరణ కూతుళ్లందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానహక్కు ఇచ్చాయి. కాబట్టి ఇంట్లో ఉంటున్న అన్నగారు ఒక్కరే సంతకం పెడతానంటే ఒప్పుకోకుండా, అక్కచెల్లెళ్ల సంతకాలూ అడగాలి. పాత ఇళ్లు తరచుగా గ్రామకంఠంలో, అంటే ఊరివారి ఇళ్ల కోసం వదిలిన నేలలో, ఉంటాయి కనుక లింకు డాక్యుమెంట్లతో, అంటే ఆస్తి పూర్వపు చేతులు మారిన దస్తావేజులతో, పాటు పంచాయతీ ఇంటిపన్ను రశీదులు కూడా చూసుకోవాలి. అమరావతి, ఉండవల్లి వంటి చోట్ల కేంద్ర రక్షిత కట్టడాలున్నాయి. వాటికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడానికి వీలులేదు, ఉన్న ఇంటి మరమ్మతుకైనా అనుమతి తీసుకోవాలి. ఆపైన మరో 200 మీటర్ల వరకు కట్టడాలపై నియంత్రణ ఉంది. అలాంటి చోట పడగొట్టి కడదామని కొన్నవారు చేతిలో ఖాళీ స్థలంతో మిగిలిపోతారు.

అమ్మేవారికీ ఒక మనవి. మీరు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నా, బేరం కుదిరేదాకా ఏటా మృగశిర కార్తెకు ముందే ఊళ్లో ఎవరిచేతనైనా పెంకులు సర్దించి, తూములోని ఆకులు తీయించండి. నాలుగు వానాకాలాలు వదిలేస్తే కలిగే నష్టం ముందు ఆ కూలి ఎంత? కొనేవారు అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పక రాయించుకోవాలి: తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు, నేల రాళ్లతో సహా ఇల్లు ఉన్నది ఉన్నట్లుగా అమ్మకమని. బయానా ఇచ్చే రోజునే వాటన్నిటికీ ఫొటోలు తీసి, ఆ ఫొటోల వెనక ఇరుపక్షాల చేతా సంతకాలు చేయించి, అగ్రిమెంటుకు జతపరచాలి.

నమస్కారం.