కొత్త బ్యాటరీ కొనేముందు ఎర్త్ చూడండి

శ్రోతలకు నమస్కారం.

పాత కారు ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాట: "సెల్ఫ్ ఎత్తుకోవట్లేదు." తాళం తిప్పితే, ఇంజనును స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది, లేదా టక్కుమని ఆగిపోతుంది. బ్యాటరీ పోయిందంటారు. మారుస్తాం. నెల బాగుంటుంది. మళ్లీ అదే మూలుగు. ఈసారి సెల్ఫ్ మోటారు విప్పుతారు. ఆ తర్వాత డైనమో, అంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్. డబ్బు పోతూనే ఉంటుంది, మూలుగు మాత్రం పోదు.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది బ్యాటరీ గురించి కాదు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు మళ్లీ బ్యాటరీకి చేరే దారి గురించి. మన మెకానిక్కులు ఎర్త్ అంటారే, దాని గురించి.

ఇంట్లో బల్బుకు రెండు తీగలు వెళ్తాయి. కారులో చాలా వాటికి ఒక్కటే వెళ్తుంది. తిరుగు ప్రయాణానికి తీగ ఉండదు, కారు ఇనుప బాడీయే ఆ పని చేస్తుంది. బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి బిగించేస్తారు, అంతే. అయితే ఇక్కడొక చిక్కుంది. ఇంజను ఆ బాడీ మీద నేరుగా కూర్చోదు, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. సెల్ఫ్ మోటారేమో ఇంజనుకు బిగించి ఉంటుంది. చిన్న పెట్రోలు కారులో కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు అది వంద ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. అంత కరెంటూ ఇంజను నుంచి బ్యాటరీకి తిరిగి రావడానికి ఒక లావుపాటి తీగో, అల్లిన రాగి పట్టీయో ఉంటుంది. కొన్ని కార్లలో అది బ్యాటరీ నుంచి నేరుగా ఇంజనుకు వస్తుంది, కొన్నిట్లో బాడీ నుంచి ఇంజనుకు వస్తుంది. ఎక్కడో గేరుబాక్సు పక్కన, కింద, బురద కొట్టుకునే చోట ఉంటుంది. కంటికి కనపడదు. కనపడదు కాబట్టి ఎవరికీ గుర్తుకు రాదు.

మన హైదరాబాద్‌లో సరూర్‌నగర్ వైపు ఒక రిటైర్డ్ టీచరమ్మ గారి కారు సంగతి చెబుతాను. ఇరవై ఏళ్లు దాటిన చిన్న పెట్రోలు కారు. వారి భర్త కొన్నది, ఆయన పోయాక కూడా అమ్మలేదు. 2020 అక్టోబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. చెరువు పొంగి ఆ చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లొచ్చాయి కదా, అప్పుడు ఈ కారు కూడా నీళ్లలో నిలబడింది. తర్వాత సర్వీసు చేయించారు, బాగానే నడిచింది. ఏడాది దాటాక మొదలైంది కథ. బ్యాటరీ మార్చారు. సెల్ఫ్ మోటారు రిపేరు చేయించారు. అన్నిటికంటే విచిత్రం, ఆక్సిలరేటర్ కేబులు బిగుసుకుపోయింది, అది మార్చారు. కొత్త కేబులు కూడా కొన్ని నెలల్లోనే బిగుసుకుపోయింది.

నేను ఆటోమొబైల్ ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి ఆవిడ కబురు చేశారు. వెళ్లేసరికి ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. "సార్, బ్యాటరీ కొత్తదే ఉంది. సెల్ఫ్ కూడ చేసిన్రు. ఇంక డైనమో ఒక్కటే మిగిలింది" అన్నాడు. ఆవిడ ముఖం చూస్తే విసిగిపోయి ఉన్నారు. "బాబూ, ఇక దీన్ని ఇచ్చేయమంటావా?" అని అడిగారు.

"ఒక్క పది నిమిషాలు ఆగండి మేడం" అన్నాను.

ముందు హెడ్‌లైట్లు వేయమన్నాను. వేసి ఉంచి, సెల్ఫ్ కొట్టమన్నాను. మోటారు మూలిగింది. కానీ లైట్లు పెద్దగా తగ్గలేదు. ఇది గమనించండి, ఇది మీరు ఏ పరికరం లేకుండా ఇంటి ముందే చేసుకోవచ్చు. బ్యాటరీ నిజంగా చచ్చి ఉంటే, సెల్ఫ్ కొట్టగానే లైట్లు దాదాపు ఆరిపోయేంత డల్ అవుతాయి. లైట్లు బాగానే వెలుగుతూ మోటారు మాత్రం మూలుగుతోందంటే, బ్యాటరీలో సత్తువ ఉంది, అది మోటారుదాకా చేరట్లేదు. చేరట్లేదంటే వెళ్లే దారిలోనైనా అడ్డం ఉండాలి, వచ్చే దారిలోనైనా అడ్డం ఉండాలి. మోటారులోనే లోపం ఉండొచ్చు కూడా. కానీ అది అప్పటికే బాగుచేసి ఉంది.

ఇక వోల్టులు కొలిచే మీటరు తీశాను. ఇరవై వోల్టుల డీసీ దగ్గర పెట్టాను. నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, అంటే క్లాంపు మీద కాదు, మధ్యలో ఉండే సీసపు ముక్క మీద. ఎర్ర పిన్ను ఇంజను మీద, రంగూ జిడ్డూ లేని ఒక బోల్టు మీద. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి మేడం" అన్నాను. దారి బాగుంటే మీటరులో 0.2 వోల్టులు దాటకూడదు. మూడు దాటింది. కుర్రవాడు వంగి చూశాడు. "మూడా సార్?" అన్నాడు. మూడే. పన్నెండు వోల్టుల బ్యాటరీలో మూడు వోల్టులు తిరుగు దారిలోనే అయిపోతుంటే మోటారు ఏం తిరుగుతుంది?

తర్వాత ఎర్ర పిన్నును ఒక్కో మజిలీకి జరుపుతూ వచ్చాను, ప్రతిచోటా సెల్ఫ్ కొట్టిస్తూ. బ్యాటరీ క్లాంపు మీద దాదాపు సున్నా. బాడీకి బిగించిన బోల్టు మీద దాదాపు సున్నా. బాడీ రేకు మీద 0.1. మళ్లీ ఇంజను మీద మూడు. అంటే బాడీ దాకా దారి శుభ్రం, బాడీకీ ఇంజనుకీ మధ్యే తెగింది. అంకె ఎక్కడ ఎగిరితే జబ్బు అక్కడే ఉంది.

మరి దారి తెగితే ఆ కాస్తయినా మోటారు ఎలా తిరిగింది? కరెంటు ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. ఆక్సిలరేటర్ కేబులు లోపల ఉక్కు తీగ. ఒక కొస బాడీకి, ఇంకో కొస ఇంజనుకు. లావుపాటి పట్టీ మోయాల్సిన కరెంటును ఆ సన్నటి కేబులు మోస్తోంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ కరిగి, తీగ అతుక్కుపోయింది. రెండు కేబుళ్లూ అందుకే పోయాయి. కుర్రవాణ్ని కేబులు పట్టుకుని చూడమన్నాను. చేయి పెట్టి వెంటనే తీసేశాడు. నా ఉద్యోగంలో ఎన్నో కార్లు చూశాను, ఇంత స్పష్టంగా కారణం బయటపడ్డ సందర్భం నాకెంతో ఇష్టం.

కిందికి వంగి ఆ పట్టీ విప్పాం. పైకి నల్ల తొడుగు బాగానే ఉంది. కోసి చూస్తే లోపల రాగి అంతా పచ్చటి చిలుము, పొడిపొడిగా రాలింది. నీళ్లు లగ్గు, అంటే కొసన బోల్టుకు బిగించే లోహపు రింగు, దగ్గర సందులోంచి లోపలికి దిగి, తొడుగు కిందే ఉండి తినేశాయి. మనది సముద్రపు ఊరు కాదు, ఉప్పు గాలి లేదు, అయినా వానాకాలంలో నీళ్లలో నిలబడ్డ బండికి ఈ బాధ తప్పదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ కుర్రవాడు అంతకుముందే ఎర్త్ చూశానన్నాడు. అబద్ధం కాదు. బండి ఆపి ఉండగా, మీటరును ఓమ్స్‌లో, అంటే తీగ తెగిందా లేదా చూసే చోట పెట్టి, బీప్ వస్తోందా లేదా చూశాడు. బీప్ వచ్చింది. ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, ఎందుకంటే మీటరు పంపేది చాలా చిన్న కరెంటు. తెల్లవారుజామున అమీర్‌పేట రోడ్డు మీద ఒక్క స్కూటరు సాఫీగా వెళ్లిందని, సాయంత్రం ఆరింటికి అక్కడ ట్రాఫిక్ ఉండదని చెప్పగలమా? భారం పడ్డప్పుడే చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడే చూడాలి. నాకు తెలిసి మంచి పనివాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

పట్టీ కొత్తది రాణిగంజ్‌లో దొరికింది. బ్యాటరీ ఖరీదు ముందు దాని ఖరీదు ఏపాటి! బిగించేముందు రెండు చోట్లా రంగు, తుప్పు పోయేలా గరుకు కాగితంతో రుద్ది, లోహం మెరిసేదాకా శుభ్రం చేశాం. గట్టిగా బిగించాక పైన వాసెలిన్ పూశాం. మళ్లీ మీటరు పెడితే 0.1. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర అంతకుముందు 13 వోల్టులే ఉండేది, ఇప్పుడు 14 దాటింది. అంటే డైనమో ముందునుంచీ బాగానే ఉంది. దాని ఛార్జీ కూడా ఆ పాడైన దారిలోనే పోయేది. కొత్త బ్యాటరీకి కూడా ఛార్జి సరిగా అందనిది అందుకే.

మీటరు లేదా? ఒక బండి బ్యాటరీతో ఇంకో బండిని స్టార్టు చేయడానికి వాడే జంపర్ కేబులు ఉంటే చాలు. నల్లది ఒక్కటి తీసుకోండి. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొస ఇంజను మీద గట్టి లోహానికి. ఎర్ర కేబులుతో పనిలేదు, దాన్ని డిక్కీలోనే ఉంచండి. సెల్ఫ్ కొట్టండి. మోటారు ఒక్కసారిగా చురుగ్గా తిరిగితే ఎర్త్ పోయినట్టే. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. కేబులు పెట్రోలు పైపులకు దూరంగా ఉండాలి. ఇంజను స్టార్టవుతుంది కాబట్టి చీర కొంగు, చున్నీ, కండువా ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉంచుకోండి. ఏదైనా విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర బిగించాలి. అలా చేస్తే పాజిటివ్ మీద ఉన్న పానా పొరపాటున బాడీకి తగిలినా మంటలు రావు.

చాలా పాత బ్రిటిష్ మోడళ్లు దాచుకున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. 1960ల మధ్య దాకా వచ్చిన వాటిలో చాలా వరకు పాజిటివ్‌నే బాడీకి బిగించేవారు. ఏ కొస బాడీకి ఉందో చూశాకే మొదలుపెట్టండి.

వెనక లైట్లదీ ఇదే జబ్బు. బ్రేకు తొక్కితే పార్కింగు లైటు తగ్గడం, ఇండికేటరు వేస్తే పక్క బల్బు కూడా మిణుకుమనడం చూస్తుంటాం. ఆ లైటు హోల్డరు ఎర్త్ పోయి, కరెంటు పక్క బల్బులోంచి వెనక్కి దారి వెతుక్కుంటోందన్నమాట. బల్బులు మార్చకుండా ఆ హోల్డరు దగ్గరి ఎర్త్ స్క్రూ శుభ్రం చేయించండి.

మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటిలో ఎంత కొత్త బండికైనా ఇప్పుడు పదేళ్లు నిండాయి. ఇంజను ఎర్త్ పట్టీ ఒక్కసారీ మార్చనివి వాటిలో చాలానే ఉంటాయని నా నమ్మకం. ఈసారి మెకానిక్ బ్యాటరీ మార్చాలంటే, "అన్నా, ఒక్కసారి నెగటివ్‌కీ ఇంజనుకీ మీటరు పెట్టి, సెల్ఫ్ కొట్టి చూడు" అనండి. 0.2 కంటే బాగా ఎక్కువ వస్తే పట్టీ మార్పించండి. తక్కువే వస్తే అదే పరీక్ష పాజిటివ్ వైపు: ఎర్ర పిన్ను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్లది సెల్ఫ్ మోటారుకు లావు తీగ బిగించే బోల్టు మీద పెట్టి, మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. అక్కడ అర వోల్టు లోపే ఉంటే, అప్పుడు బ్యాటరీనీ సెల్ఫ్ మోటారునీ అనుమానించండి.