హైవే మీద బాగానే ఇస్తుంది, ఊళ్లోనే తాగేస్తోంది

ముందు ఈ మీటరు చూడండి. పసుపు రంగులో ఇంజన్ బొమ్మ వెలుగుతోంది కదా. ఇది మా మావయ్య కారు. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, సముద్రానికి దగ్గర్లో వాళ్ల ఊరు. నెల్లాళ్లుగా ఈ లైటు వెలుగుతూనే ఉందట. దానికి ఆయన చేసిన వైద్యం ఏమిటో తెలుసా? మీటరు అద్దం మీద, సరిగ్గా ఆ బొమ్మ మీద పడేలా, అత్తయ్య స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించారు. అబద్ధం కాదు. ఇప్పుడే పీకాను, జిగురు ఇంకా ఉంది.

నిన్న ఫోన్ చేసి, "ఏట్రా అల్లుడా, వైజాగ్ వెళ్లొస్తే లీటరుకి పద్దెనిమిది కిలోమీటర్లు ఇస్తంది, ఊళ్లో తిరిగితే పది కూడా ఇవ్వట్లేదు. పెట్రోల్లో నీళ్లు కలిపేస్తన్నారేటి?" అన్నారు. నీళ్లే కలిపితే వైజాగ్ వెళ్లిన రోజు మాత్రం కారు ఎందుకు ఊరుకుంటుంది? నాకు ఆ మాటలోనే సగం జబ్బు దొరికింది. ఎందుకో చెప్తాను.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది, కారు తనలోని తప్పుల్ని కోడ్‌లుగా చెప్పే సాకెట్ అది. దానికి ఈ బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్‌లో చూస్తే ఒకటే కోడ్ వచ్చింది, పీ 0135. ఇంటర్నెట్‌లో వెతికితే 'ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్, బ్యాంక్ వన్, సెన్సార్ వన్' అని వస్తుంది. చాలామంది మొదటి రెండు మాటలు చదివి సెన్సార్ కొనేస్తారు. అందులో అసలు మాట 'సర్క్యూట్'. సర్క్యూట్ అంటే ఫ్యూజు, వైరు, కనెక్టరు, సెన్సార్ లోపలి హీటరు, అన్నీ కలిపి. తప్పు ఈ దారిలో ఎక్కడో ఉందని మాత్రమే కోడ్ చెప్పింది, ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి.

చీపురుపల్లిలో నాకు తెలిసినాయన ఒకాయనకి ఇదే కోడ్ వస్తే ఒక షెడ్డులో సెన్సార్ మార్చేశారు. మూడో రోజుకి లైటు మళ్లీ వచ్చింది. కారు కిందకి దూరి చూస్తే ఎలుక కొరికేసిన వైరు! ఇంటి పక్కనే ధాన్యం గాదె, ఎలుకలకేం తక్కువ? బాగున్న సెన్సార్ తీసి పారేసి కొత్తది పెట్టారన్నమాట. ఆ డబ్బు ఇంక వెనక్కి రాదు.

సరే, అసలు ఈ సెన్సార్ ఏం చేస్తుంది? ఇంజన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తుంది. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే పొగలో ఆక్సిజన్ మిగలదు, అప్పుడు సెన్సార్ సుమారు 0.9 వోల్టులు చూపిస్తుంది. తక్కువైతే ఆక్సిజన్ మిగిలిపోతుంది, వోల్టేజి 0.1 దగ్గరికి పడిపోతుంది. ఇది చూసి ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, పెట్రోలు కాస్త తగ్గిస్తుంది, కాస్త పెంచుతుంది. వంటలో ఉప్పు రుచి చూసుకుంటూ వేసినట్టు, క్షణక్షణం ఇదే పని. మామూలు జిర్కోనియా సెన్సార్ల సంగతి ఇది. వైడ్‌బ్యాండ్ రకమైతే ఈ అంకెలు వర్తించవు.

ఇక్కడే మెలిక. ఈ జిర్కోనియా సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితేగానీ పనిచేయదు. బాష్ కంపెనీ సెన్సార్ మొదటిసారి 1976లో వోల్వో కార్లలో వచ్చినప్పుడు లోపల హీటరే లేదు, పొగ వేడికే వేడెక్కాలి. తర్వాత హీటర్ పెట్టారు, ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపట్లోనే సెన్సార్ పనిలోకి దిగుతుంది. హీటర్ పోయిందనుకోండి, మన కారు మళ్లీ 1976కి వెళ్లిపోయినట్టే.

ఇప్పుడు మావయ్య మాట గుర్తు తెచ్చుకోండి. వైజాగ్ దాకా హైవే మీద వెళ్తే పొగ వేడికే సెన్సార్ బాగా వేడెక్కి ఉంటుంది, హీటర్‌తో పని లేదు. ఊళ్లో ఆయన తిరుగుడు ఎంత? పొలానికి రెండు కిలోమీటర్లు, సంతకి మూడు. సెన్సార్ వేడెక్కేలోపు ఇంటికొచ్చేస్తారు. అంతసేపూ ఈసీయూ రుచి చూడకుండా వండుతోంది. ఇంజన్ ఆగిపోకూడదు కాబట్టి పెట్రోలు కాస్త ఎక్కువే పోస్తుంది. సైలెన్సర్ గొట్టం అంచు చూడండి, వేలు పెడితే నల్లగా మసి.

అయినా అనుమానం వేరు, రుజువు వేరు. మల్టీమీటర్ తీద్దాం. మొదట ఫ్యూజు, బాగుంది. తర్వాత సెన్సార్ కనెక్టర్ విప్పాను. కారు వైపు ఉన్న ముక్కలో, ఇంజన్ ఆన్ చేసి చూస్తే, హీటర్ వైరులో బ్యాటరీ వోల్టేజి వస్తోంది. అంటే కరెంటు ఇక్కడిదాకా వస్తోంది, ఎలుకల తప్పు లేదు. ఇంజన్ ఆపి సెన్సార్ వైపు ముక్క చూద్దాం. నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు ఉంటాయి, అవి హీటర్‌వి. వాటి మధ్య ఓమ్స్ పెడితే... ఏమీ లేదు. ఓపెన్. లోపల తీగ తెగిపోయింది. పోల్చడానికి, ఇదిగో కొత్త సెన్సార్, ఇది ఆరు ఓములు చూపిస్తోంది. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు చేయకుండా "సెన్సార్ పోయింది సార్" అనే మెకానిక్‌ని మీటరు పెట్టి చూపించమని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

కోడ్ వేరేది వస్తే దారి కూడా వేరు. పీ 0171, అంటే మిశ్రమం పలచగా ఉందని (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) వస్తే, ముందు సైలెన్సర్ జాయింట్లు చూడండి. సెన్సార్‌కి ముందు చిన్న పగులు ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సార్ నిజమే చెప్తుంది గానీ, ఆ గాలి ఇంజన్ది కాదు.

ఇక విప్పడం. సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలి, తుప్పు ఎలా పట్టిందో చూడండి. రాత్రే రస్ట్ స్ప్రే కొట్టి వదిలేశాను. పొద్దున్న ఇంకోసారి కొట్టి, ఇంజన్ ఐదు నిమిషాలు తిప్పి ఆపాను. గోరువెచ్చగా ఉంటే మర సులువుగా వదులుతుంది. మరీ కాలుతుంటే చెయ్యి పెట్టకండి, నా మణికట్టు మీద ఈ మచ్చ చూడండి, అనుభవం. చాలా సెన్సార్లకి 22 నంబర్ స్పానర్ పడుతుంది. వైరు దూరడానికి పక్కన చీలిక ఉన్న సాకెట్ దొరుకుతుంది. అది లేకపోతే, పాతది ఎలాగూ పోయిందే కాబట్టి, వైరు కత్తిరించి మామూలు రింగు స్పానర్ వేయొచ్చు. కొత్తది చేతిలో ఉంటేనే సుమా. పట్టు... పట్టు... టక్! ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది. మర బాగానే వచ్చింది, సైలెన్సర్ వైపు మరలు పాడవలేదు.

కొత్తది పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. మరలకి పూసే యాంటీ సీజ్ పేస్ట్ చాలావరకు కంపెనీవాళ్లే పూసి ఇస్తారు. మీరు పూయాల్సి వస్తే, కొన మీద చుక్క కూడా పడకూడదు. సిలికాన్ గ్యాస్కెట్ పేస్ట్ అయితే ఆ దరిదాపుల్లోకే రానివ్వకండి, సిలికాన్ ఆవిరికి సెన్సార్ చచ్చిపోతుంది. ఇంకోటి చాలామందికి తెలియదు. ఎన్నో సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని వైర్ల గుండానే పీలుస్తాయి. అందుకే కనెక్టర్‌లో గ్రీజు నింపడం, వైరు కోసి టంకం వేయడం వద్దు. తక్కువ ధరకి వస్తుందని కనెక్టర్ లేని యూనివర్సల్ సెన్సార్ కొనకపోవడానికి నాకున్న కారణం ఇదే.

ముందు చేత్తో తిప్పి, చివర్లో స్పానర్. చాలా కార్లకి దాదాపు 40 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్ చూసి బిగించండి. వైరు వేడి గొట్టానికి తగలకుండా క్లిప్పులో పెట్టాను. కోడ్ చెరిపేశాను.

ఇప్పుడు స్టార్ట్ చేద్దాం. ఫోన్‌లో చూస్తూ ఉండండి. నిన్న ఇదే ఊళ్లో నాలుగు నిమిషాలు దాటినా 'ఓపెన్ లూప్' అనే ఉంది, అంటే ఈసీయూ ఇంకా సెన్సార్ మాట వినట్లేదు. ఇవాళ... నలభై సెకన్లు కూడా కాలేదు, 'క్లోజ్డ్ లూప్', సెన్సార్ మాట వింటోంది. వోల్టేజి చూడండి, పైకీ కిందకీ గెంతుతోంది, 0.8, 0.2, 0.7. మైలేజి ఎంత పెరిగిందో ఇవాళే చెప్పను. ట్యాంకు నింపి, ఊళ్లోనే తిప్పి, మళ్లీ నింపితే తెలుస్తుంది.

మావయ్యని పిలిచి లైటు ఆరిన మీటరు చూపించాను. ఆయన బొట్టుబిళ్ల అడుగు జిగురు గోటితో గీకుతూ, "మరి ఈ పక్కన ఇంకోటి అంటించాను కదరా, అది కూడా తీసేయచ్చా?" అన్నారు.

తీశాను. దాని కింద ఎర్రగా ఎయిర్‌బ్యాగ్ లైటు. వచ్చే వీడియో దాని గురించే.