దీనికి ఐఎస్‌బీఎన్ ఉందా?

(జర్నలిజం అధ్యాపకుల పుస్తకాలు, డాక్యుమెంటరీల ప్రదర్శనను తిరుపతిలో ప్రారంభిస్తూ చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేర్లు చదవడం మొదలుపెడితే ఎవరినో ఒకరిని మర్చిపోతాను, వాళ్లు ఏడాదిపాటు నాతో మాట్లాడరు. రిటైరై నాలుగేళ్లయింది, ఉన్న నలుగురు స్నేహితులను పోగొట్టుకోలేను. అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం.

లోపలికి వస్తూ ఆ టేబుళ్లు చూశాను. ఒక పక్క పుస్తకాలు, ఇంకో పక్క స్పైరల్ బైండింగులో పరిశోధన పత్రాలు. మూలన ఒక టీవీ, దాని పక్కన నాలుగు డీవీడీలు. టీవీ ఆన్‌లో లేదు. ఎవరినీ తప్పుపట్టడం లేదు, ఆ మూల ప్లగ్ పాయింటే లేదు. కానీ దాన్ని చూశాక, మీరు కార్డులో వేసిన ‘మీడియా పరిశోధనలో నూతన ధోరణులు’ మీద నేను రాసుకొచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టేశాను. కావాలంటే జిరాక్స్ తీసుకోండి.

మన ఎస్వీ యూనివర్సిటీ పుట్టిన 1954లోనే ఉస్మానియాలో జర్నలిజం విభాగం మొదలైంది. అప్పటినుంచీ ఈ చదువు రెండు కాళ్ల మీద నడుస్తోంది. ఒకటి పరిశోధన, రెండోది చేతిపని. వార్త రాయాలి, రేడియో కార్యక్రమం చెయ్యాలి, కెమెరా పట్టాలి. పిల్లలకు రెండూ నేర్పమంటారు. సారు ప్రమోషన్‌కు వెళ్తే మాత్రం ఒక కాలే కొలుస్తారు.

యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో ఒక పట్టిక ఉంది. మా సబ్జెక్టుల్లో పరిశోధన పత్రానికి 10 మార్కులు, సైన్సు వాళ్లకు 8. జాతీయ స్థాయి ప్రచురణకర్త పుస్తకం వేస్తే 10, అంతర్జాతీయమైతే 12. పుస్తకం అనువదిస్తే 8. ఆన్‌లైన్ పాఠాలకూ ఉన్నాయి. డాక్యుమెంటరీ అన్న మాట కోసం పైనుంచి కిందిదాకా వేలు పెట్టి వెతికాను. లేదు. సంగీతం, నాటకం వాళ్ల నియామకాలకు వాళ్ల వృత్తి అనుభవం చూసే దారి వేరే ఉంది. మేం ఆ పంక్తిలోనూ లేం. ఏ పత్రికలో వేస్తే చెల్లుతుందో చెప్పే కేర్ లిస్టు ఒకటి ఉండేది. దానికోసం ఎంత టెన్షన్ పడ్డామో! 2025లో దాన్నీ ఎత్తేశారు.

ఇక నా సంగతి. 2007 వేసవిలో చిత్తూరు దగ్గర ఒక ఊళ్లో భారతం తిరునాళ్లు షూట్ చేశాను. ఇక్కడి పిల్లలకు చెప్పక్కర్లేదు. ద్రౌపదమ్మ గుడి ముందు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఆఖరి రోజు నేల మీద ఇంత పొడుగున మట్టి దుర్యోధనుడు. భీముడు వాడి తొడ పగలగొట్టాక ఒక ముసలామె గుప్పెడు మట్టి తీసి కొంగున ముడేసుకుంది. అది చూస్తూ నేను ఫోకస్ సరిచెయ్యడం మర్చిపోయాను.

23 గంటల ఫుటేజీని 26 నిమిషాలకు కుదించాను. 2019లో ఇంటర్వ్యూకు ఆ డిస్కు తీసుకుపోయాను. కమిటీలో ఒక పెద్దాయన దాన్ని వెలుతురుకు పెట్టి, ఇటూ అటూ తిప్పి, “దీనికి ఐఎస్‌బీఎన్ ఉందా?” అని, పుస్తకాలకిచ్చే నంబరు అడిగారు. లేదు సార్, భీముడి గద ఉంది అందామనుకున్నాను. అనలేదు, ప్రమోషన్ కావాలి కదా. అదే భారతం మీద ఇంగ్లీషులో 12 పేజీలు రాసిన పత్రానికి మాత్రం 10 మార్కులూ పడ్డాయి. దాన్ని ఇద్దరు చదివారని ఖాయంగా చెప్పగలను. నేనూ, ప్రూఫులు చూసిన మా ఆవిడా.

వెనక వరసలో నవ్వుతున్నారు. తెలుసు, ఈ కథ నేను ప్రతి మీటింగులోనూ చెబుతాను. మామూలుగా ఇక్కడ ఆపేస్తాను, చప్పట్లు పడతాయి. ఈరోజు ఆపను.

పోయిన నెల ఏదో పెళ్లికి పోతూ ఆ ఊళ్లో దిగాను. అప్పుడు అర్జునుడి వేషం కట్టినాయన అరుగు మీద కూర్చోనున్నాడు. మోకాళ్లు పోయాయి. అర్జునుడి తపస్సు ఘట్టం రోజు ఆయన పద్యాలు పాడుకుంటూ అంత ఎత్తు మాను ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు విసిరాడు. బిడ్డల్లేని ఆడవాళ్లు తడి చీరలతో కింద కాచుకునున్నారు. నన్ను గుర్తుపట్టి, “ఆ జనరేటర్ సద్దులో నా పద్యం ఇనపడిందా సామీ?” అని అడిగాడు.

వినపడలేదు. ఆయన సగం మాను ఎక్కేసరికి నా కార్డ్‌లెస్ మైకు బ్యాటరీ అయిపోయింది. ఇక కెమెరా మైకే దిక్కు, దాని పక్కనే జనరేటర్. ఎడిటింగులో ఆ పద్యం గొంతు తగ్గించి, దాని మీద నా ఇంగ్లీషు వ్యాఖ్యానం వేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. “ఇనపడింది పెద్దాయనా” అన్నాను. “అయితే మాకెప్పుడు సూపిస్తావు?” అన్నాడు. 2007లో కూడా ఇదే అడిగాడు, వచ్చే తిరునాళ్లకు తెస్తానన్నాను.

గుజరాత్‌లో ఖేడా ప్రాజెక్టు అని ఒకటి 1975లో మొదలుపెట్టారు. పల్లెవాళ్లతో కలిసి కార్యక్రమాలు తీసి, ఆ పల్లెవాళ్లకే టీవీలో చూపించారు. 1984లో యునెస్కో బహుమతి వచ్చింది. సిలబస్‌లో ఉంది, నేనే ఏళ్ల తరబడి చెప్పాను. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో దళిత మహిళలు నడపడం మొదలుపెట్టిన సంఘం రేడియో గురించి కూడా చెప్పాను. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. నేను మాత్రం డిస్కు తీసుకుని కమిటీ దగ్గరికి పోయాను గానీ, గంటన్నర బస్సు ప్రయాణం చేసి ఆ ఊరికి పోలేదు.

ఇప్పుడు మీతో పని పడింది. ఎడిట్ చెయ్యని టేపులు 23 మా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. మినీ డీవీ, అప్పటి వీడియో కెమెరాల్లో వేసే చిన్న క్యాసెట్లు. మూడింటికి అంచుల్లో తెల్లగా ఫంగస్ పట్టింది. పద్యం మొత్తం పదకొండో టేపులో ఉంది, దానికింకా పట్టలేదు. కంప్యూటర్లోకి ఎక్కిస్తే గంటకు 13 జీబీ అవుతుంది, అదేం పెద్ద లెక్క కాదు. కావలసింది టేపు ఆడించే డెక్కు, దాన్నుంచి వీడియో ఎక్కించుకునే ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర మూలన పడి ఉండొచ్చు. ఈ హాల్లో వాళ్ల పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు, నాన్ననడగండి. జనరేటర్ చప్పుడు తగ్గించే సాఫ్ట్‌వేర్ మీకే బాగా తెలుసు, నాకు రాదు. తిరునాళ్లకు ఇంకా నాలుగు నెలలుంది.

రిబ్బన్ కత్తిరించమంటున్నారు. కత్తిరిస్తాను. ముందు ఆ మూల టీవీకి ఎవరైనా ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకురండి.