ఒక్క ఫోను, నలభై కార్డులు: క్లాసులో ప్రతి పిల్లాడూ జవాబు చెప్పేలా పాఠం నడపడం

[తెరపై: తొమ్మిదో తరగతి గది. గోడకు ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్). ఎదురుగా బెంచీల వరుసలు.]

వ్యాఖ్యానం: "అర్థమైందా?" అని అడిగితే "అర్థమైంది సార్!" అని క్లాసంతా ఒకే గొంతుతో అంటుంది. ఆ మాట నమ్మి పాఠం ముందుకు నడిపితే, అసలు సంగతి పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ బయటపడదు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద, తెలంగాణలో మన ఊరు-మన బడి కింద ప్రభుత్వ హైస్కూళ్లకు ప్యానెళ్లు వచ్చాయి. కానీ వాటిలో వీడియో వేసి పిల్లల్ని చూడమంటే మారేదేమీ ఉండదు. అప్పుడూ మాట్లాడేది ఒకరే, వినేది నలభై మంది. పిల్లలు ఒకరితో ఒకరు వాదించుకునేలా చేయాలి. ప్యానెల్, ఫోను అందుకు పనికొస్తాయి.

[తెరపై: "పీర్ ఇన్‌స్ట్రక్షన్"]

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన విద్యార్థులు కష్టమైన లెక్కలు చేసేసేవారు. అదే విషయం మీద మామూలు మాటల్లో ప్రశ్న వేస్తే మాత్రం తడబడేవారు. అందుకే పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసి, ఎవరికి వారు జవాబు ఎంచుకున్నాక పక్కవాళ్లతో చర్చించుకోమనేవారు. ఆ తర్వాత మళ్లీ జవాబు అడిగేవారు.

[తెరపై: ప్రశ్న. రాయిని నిట్టనిలువుగా పైకి విసిరాం. అత్యంత ఎత్తులో ఉన్న క్షణాన దాని త్వరణం ఎంత? ఏ. సున్నా. బి. పైకి 9.8 మీ/సె². సి. కిందికి 9.8 మీ/సె². డి. రాయి బరువును బట్టి మారుతుంది.]

సరైన జవాబు సి. అయినా బాగా చదివే పిల్లలు కూడా 'ఏ' అన్న జవాబు వైపు మొగ్గుతారు. పైన వేగం సున్నా కదా, త్వరణం కూడా సున్నాయే అనుకుంటారు. మంచి ప్రశ్నకు ఇదే గుర్తు: తప్పు జవాబుకు కూడా పిల్లల దగ్గర ఒక కారణం ఉండాలి. నిర్వచనం అప్పజెప్పించే ప్రశ్నల మీద చర్చ పుట్టదు.

[తెరపై: చేతిలో ప్లిక్కర్స్ కార్డు. నల్లటి గడుల ఆకారం, నాలుగు అంచుల మీద చిన్న అక్షరాలు.]

పిల్లల దగ్గర ఫోన్లు ఉండక్కర్లేదు. ప్లిక్కర్స్ సైట్లో ఉచితంగా దొరికే కార్డులు ప్రింటు తీస్తే చాలు. ఏ4 కాగితానికి రెండు చొప్పున, నలభై కార్డులకు ఇరవై కాగితాలు అవుతాయి. హాజరు పట్టీలో పిల్లాడి నంబరే కార్డు నంబరుగా ఇవ్వండి. తను అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, మీ ఫోన్‌లోని ప్లిక్కర్స్ యాప్ కెమెరాతో చదివేస్తుంది. ప్రతి కార్డు ఆకారమూ వేరు, అక్షరాలూ చిన్నవి. అందుకే పక్కవాడి కార్డు చూసి తనదీ అలాగే తిప్పినా లాభం ఉండదు.

కార్డులు ఎక్కువ రోజులు ఉండాలని మెరిసే లామినేషన్ చేయించకండి. ట్యూబ్‌లైటు వెలుగు దాని మీద పడితే కెమెరాకు ఆకారం కనబడదు. మందపాటి కాగితం మీద తీయండి, లేదా అట్టకు అంటించండి. నల్లటి భాగం చుట్టూ తెల్ల అంచు మిగలాలి, పిల్లల వేళ్లు నల్లటి భాగాన్ని కప్పకూడదు. కిటికీ పిల్లల వెనకాల ఉంటే కార్డులు నల్లబడిపోతాయి. కాబట్టి కిటికీ మీ వీపు వైపో పక్కనో ఉండేలా నిలబడి, ఫోన్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు నెమ్మదిగా తిప్పండి. ప్యానెల్‌కు నెట్ లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, రెండింటిలో ఒకే ప్లిక్కర్స్ ఖాతాతో లాగిన్ అవ్వండి. కరెంటు పోతే ప్రశ్న బోర్డు మీద రాసి, అందరినీ ఒకేసారి ఛాతీకి ఆనించి వేళ్లు చూపమనండి. ఏకు ఒక వేలు, బికి రెండు, అలా.

[తెరపై: పిల్లలు నిశ్శబ్దంగా ఆలోచిస్తున్నారు. గడియారం.]

పది నిమిషాలు పాఠం చెప్పి ప్రశ్న వేయండి. మొదటి నిమిషంన్నర ఎవరూ మాట్లాడకూడదు. ఇక్కడ పట్టు సడలితే మిగతాదంతా వృథా. సొంతంగా ఒక జవాబుకు కట్టుబడని పిల్లాడికి తర్వాత వాదించడానికి ఏమీ ఉండదు.

స్కాన్ అయ్యాక ఫలితం మీ ఫోన్లోనే చూసుకోండి. గ్రాఫు అప్పుడే ప్యానెల్ మీద పెడితే పొడుగు గీత ఎటుంటే పిల్లలు అటు దూకేస్తారు. సరైన జవాబు 30 శాతం లోపే వస్తే చర్చ పెట్టకండి, ఆ అంశాన్ని మరో రకంగా చెప్పండి. 70 శాతం దాటితే రెండు ముక్కల్లో వివరించి ముందుకు సాగండి. ఆ మధ్యలో ఉంటేనే చర్చ పండుతుంది.

[తెరపై: ముందు బెంచీ పిల్లలు వెనక్కి తిరుగుతారు. నలుగురు చొప్పున గుంపులు.]

బెంచీలు కదపక్కర్లేదు. "నీ జవాబు కాకుండా వేరే జవాబు పెట్టినవాళ్లను వెతికి ఒప్పించు" అని చెప్పి మూడు నిమిషాలు వదిలేయండి.

"పైన ఆగిపోయింది కదరా, ఇంక త్వరణం ఎక్కడిది?"
"ఆగి, త్వరణం కూడా లేకపోతే అక్కడే వేలాడాలిగా! మరి కిందికెందుకొస్తది?"

ఈ రెండో మాట మనం చెబితే నోట్సులో ఒక వాక్యం అవుతుంది. పక్కవాడు అడిగితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. వరుసల మధ్య తిరుగుతూ వినండి. తప్పు వినబడినా దిద్దకండి, మీ మొహం చూసి జవాబు పట్టేస్తారు.

ఫస్టు ర్యాంకు పిల్లాడు "సి పెట్టండిరా" అంటే గుంపంతా సి తిప్పేస్తుంది. దీనికి విరుగుడుగా, రెండోసారి స్కాన్ చేశాక గుంపులో ఎవరో ఒకరి నంబరు పిలిచి జవాబు కాకుండా కారణం అడగండి. "మా గుంపులో ఏమనుకున్నామంటే" అని మొదలుపెట్టమంటే బిడియపడే పిల్లలకూ నోరు పెగులుతుంది. ఈ జవాబులకు మార్కులు వేయకండి. మార్కులనగానే పిల్లలు ఆలోచన మానేసి సరైన అక్షరం కోసం పక్కకు చూస్తారు. గోల ఎక్కువైతే చేయి పైకెత్తండి, చూసినవాళ్లూ ఎత్తి ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి.

[తెరపై: రెండు గ్రాఫులు పక్కపక్కన.]

ఇప్పుడు రెండు గ్రాఫులూ ప్యానెల్ మీద పెట్టి, సరైన కారణంతో పాటు 'ఏ' ఎందుకు తప్పో కూడా వివరించండి. ఒక ప్రశ్నకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. 45 నిమిషాల పీరియడ్‌లో రెండు ప్రశ్నలకు మించి పెట్టుకుంటే పాఠం సాగదు.

జవాబులన్నీ మీ ప్లిక్కర్స్ ఖాతాలో నిల్వ ఉంటాయి. సాయంత్రం ఒకసారి తెరిచి, ఎవరూ ఎంచుకోని జవాబు ఏదో చూడండి. దాన్ని తీసేసి, ఆ రోజు చర్చలో మీ చెవిన పడిన తప్పు కారణాన్ని ఆ చోట పెట్టి, మరుసటి సెక్షన్‌లో వాడండి.