బల్లార్షా: పేరు చివర మిగిలిన 'వారు'

సభలో ఉన్న పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నమస్కారం.

ఉగాది పూట మన ఊరి చరిత్ర చెప్పమన్నారు. పచ్చడి చల్లారిపోయేది కాదు కదా, నిదానంగానే చెప్తాను.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే మహారాష్ట్రలో బల్లార్షా అంటాం. వెంటనే వాళ్లు, 'ఆ, రైలు చాలాసేపు ఆగుతుంది, అదేనా?' అంటారు. నాకు చిన్నప్పుడు ఈ మాటకు ఒళ్లు మండేది. ఇంత ఊరు పట్టుకుని రైలు ఆగే చోటంటారేమిటని. తర్వాత చదువుకుంటే తెలిసింది, వాళ్లు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. రైలు ఇక్కడ ఊరికే ఆగదు. దక్షిణ మధ్య రైల్వే ఇక్కడితో అయిపోతుంది, మధ్య రైల్వే మొదలవుతుంది. డ్రైవరు దిగుతాడు, గార్డు దిగుతాడు, కొత్తవాళ్లు ఎక్కుతారు. ఆ గీత ఇవాళ్టిది కాదు. వార్ధా నది దాటితే నిజాం రాజ్యం, ఇవతల తెల్లవాళ్ల సెంట్రల్ ప్రావిన్సెస్. కాజీపేట నుంచి నిజాం రైలు పట్టా, వార్ధా వైపు నుంచి తెల్లవాళ్ల పట్టా వచ్చి 1929లో మనూళ్లోనే కలిశాయి. దాంతో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది కూడా ఆ ఏడే.

రైలు రాకముందు ఇంకో ఆలోచన ఉండేది. మనలో చాలామంది విని ఉండరు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు ఈ ప్రాంతం మీద కూడా కన్నుండేది. బేరార్ (ఇప్పటి విదర్భలో పడమటి భాగం) పత్తిని ప్రాణహిత మీదుగా పడవల్లో గోదావరిలోకి దించి సముద్రం దాకా తీసుకుపోవాలని పథకం. దారిలో మూడు చోట్ల రాళ్ల అడ్డంకులు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవల్‌మరి. ఏళ్ల తరబడి డబ్బు పోశారు. 1870ల మొదట్లో చేతులెత్తేశారు. దుమ్ముగూడెంలో ఆ ఆనకట్ట, లాకులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పని సాగి ఉంటే మనది రైలు ఊరు కాక పడవల రేవు అయ్యుండేది, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ పెద్ద పట్నం అయ్యుండేది. అప్పట్లో సిరొంచ ఒక జిల్లా కేంద్రం మరి, అప్పర్ గోదావరి జిల్లా అనేవారు. తర్వాత దాన్ని చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్, జిల్లాలో కలిపేశారు.

పడవలు పోయాయి, బొగ్గు వచ్చింది. ముందు వరోరాలో 1870లలో గని తవ్వి, దాని కోసమే వార్ధా నుంచి పట్టా వేశారు. 20వ శతాబ్దం మొదట్లో వరోరా మూతపడే వేళకు బల్లార్‌పూర్‌లో, అంటే మనూళ్లోనే, గని మొదలైంది. మనలో సగం కుటుంబాలు ఆ బొగ్గు వెంటే వచ్చినవి. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి.

మా నాన్న 1960లలో వచ్చాడు. అప్పటికి గనులు ఇంకా ప్రైవేటువే. 1973లో సర్కారు తీసుకుంది, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వచ్చింది. నాన్నది ఫిల్లర్ పని. తట్టా చెమ్మసు, అంటే బొగ్గెత్తే పార, పట్టుకుని గనిలోకి దిగితే టబ్బు, అంటే బొగ్గు బండి, నింపడమే పని. నింపిన టబ్బుకు తన నంబరున్న ఇత్తడి బిళ్ల తగిలించాలి. పైన బిళ్లలు చూసి లెక్క రాసుకునేవారు. బిళ్ల జారిపోతే ఆ టబ్బు ఎవరిదీ కాదు, అంటే ఆ పూట కూలి మట్టే. అందుకని నాన్న బిళ్లను తీగతో రెండు చుట్లు చుట్టేవాడు. ఇంట్లో చెప్పుల జత తాడు కూడా అలాగే కట్టేవాడు, అలవాటు పోలేదు.

పేరు నమోదు చేసుకునే రోజున హాజరు రాసే గుమాస్తా, హాజరీ ముంషీ, ఇంటిపేరు అడిగాడట. నాన్న చెప్పాడు. అది ఏమిటో ఇక్కడ చెప్పను, కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలుసు. ముంషీ విని, మీ తెలుగువాళ్లకు చివర 'వార్' ఉండాలి కదా అని తనే ఒక 'వార్' తగిలించి రాసేశాడు. అట్లా మేం ముంషీ చేతి మీద 'వార్'లమయ్యాం. పక్కన నిలబడ్డ మల్లయ్య మల్లాజీ అయ్యాడు. అప్పుడు నాన్నకు కోపమొచ్చింది. నాకు మాత్రం ఆ ముంషీ మీద ఇప్పుడు కోపం లేదు, ఎందుకంటే ఆయనకు ఆ అలవాటు గాల్లోంచి రాలేదు.

ఒక్కసారి ఈ జిల్లాలో గోడల మీద, దుకాణాల మీద, ఓట్ల బోర్డుల మీద ఇంటిపేర్లు చదవండి. మన నియోజకవర్గం నుంచి ఎన్నోసార్లు గెలిచిన ఎమ్మెల్యే ఇంటిపేరు ముంగంటివార్. విడదీసి పలకండి: ముంగంటి వారు. బ్రహ్మపురి ఎమ్మెల్యే వడెట్టివార్. వడెట్టి వారు. మహారాష్ట్రకు రెండో ముఖ్యమంత్రి, 1962 నవంబరులో గద్దెనెక్కి ఏడాదికి పదవిలో ఉండగానే పోయిన మారోతరావు కన్నంవార్ మన జిల్లావాడే. కన్నం వారు! పెళ్లి పత్రికల్లో ఫలానా వారి అబ్బాయి, ఫలానా వారి అమ్మాయి అని రాసుకుంటాం చూడండి, ఆ వారే ఇది. ఇళ్లలో మాట మరాఠీ అయిపోయి ఉండొచ్చు, తరాలు గడిచాయి. పేరు తోకలో మాత్రం తెలుగు బహువచనం అట్లాగే ఉండిపోయింది.

అందుకే మనవాళ్లు సభల్లో లేచి 'మనం బతకడానికి వచ్చినోళ్లం, అణిగి మణిగి ఉండాలె' అంటుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మా నాన్న వచ్చినవాడే, నిజం. కానీ రాజురా సంగతి చూడండి, బ్రిడ్జి దాటితే వచ్చే రాజురా. అది హైదరాబాద్ రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాది. 1956లో నాందేడ్‌కు ఇచ్చారు, 1959లో చాందాకు మార్చారు. అక్కడి తెలుగు రైతు ఎక్కడికీ పోలేదు. దున్నిన చెలకే దున్నుకుంటూ మూడు జిల్లాలు, మూడు రాష్ట్రాలు (హైదరాబాద్, బొంబాయి, మహారాష్ట్ర) చూశాడు. అతన్ని వచ్చినోడు అంటే ఎట్లా?

అట్లాగని మనమే ముందంటే అదీ అన్యాయమే. ఊరి పేరులో ఉన్న బల్లాళ షా గోండు రాజు. రాజధాని ఇక్కడి నుంచే చంద్రపూర్‌కు మారింది. అక్కడి కోటగోడ, రాణి హిరాయీ కట్టించిన మహాకాళి గుడి వాళ్లవే. 1858 అక్టోబరు 21న చాందా జైల్లో ఉరికంబమెక్కిన బాబూరావు షెడ్మాకే గోండు బిడ్డ. ఇక్కడోళ్లం అనే మాట మీద మొదటి హక్కు వాళ్లది. మన వంతు ఆ తర్వాతే.

ఇక కాగితం. 1945లో ఇక్కడ థాపర్ల కంపెనీ కాగితం మిల్లు పెట్టింది. నది అవతల, రైలెక్కితే ఒక గంట దూరంలో, నిజాం హయాంలో పెట్టిన సిర్పూర్ మిల్లు 1942 నాటికే కాగితం తీస్తోంది. కొత్తపేట పేరే కాగజ్‌నగర్ అయిపోయింది. ఒకే అడవి వెదురు, ఒకే బొగ్గు, ఒకే రైలు పట్టా, రెండు రాజ్యాలు, రెండు మిల్లులు. అక్కడివాళ్లకూ మనకూ సంబంధాలు కలుపుకోవడానికి వేరే కారణం అక్కర్లేకపోయింది.

వెదురును ముక్కలు కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్లలో పెద్ద డైజెస్టర్లలో ఉడకబెడతారు. నార మిగులుతుంది, జిగురంతా నల్లటి ద్రావణమై దిగిపోతుంది. దాన్ని చిక్కబరిచి మండించి మందులు మళ్లీ రాబట్టుకుంటారు. గంధకం ఉంది కాబట్టి ఆ కుళ్లు కోడిగుడ్ల కంపు. మా అమ్మ బట్టలారేసేముందు ముక్కు పైకెత్తి చూసి, 'ఇయ్యాల గాలి ఇటు మర్లింది, రేపు ఆరేస్తా' అనేది. మా ఇంట్లో వాతావరణ శాఖ అదే.

మందులు, పొగ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. మన జిల్లా థర్మల్ కేంద్రం 2,920 మెగావాట్లది, దేశంలో పెద్దవాటిలో ఒకటి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేస్తే చంద్రపూర్ ముందు వరుసలో ఉంది. అయోధ్య గుడి తలుపులకు మన టేకు పోయిందని గర్వంగా చెప్పుకుంటాం, బాగానే ఉంది. ఈ సంగతి కూడా అదే గొంతుతో చెప్పుకోవాలి.

సరిహద్దు గొడవ ఇప్పటికీ తెగలేదు. జివతి తాలూకా కొండల్లో 14 ఊళ్లున్నాయి. మహారాష్ట్ర మావంటుంది, తెలంగాణ మావంటుంది. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల ఓటు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఎన్నికలొచ్చినప్పుడల్లా పత్రికలవాళ్లు వాళ్లను వింతగా ఫోటోలు తీసుకుపోతారు. రాజురా రైతును అడిగితే ఇందులో వింతేముంది అంటాడు.

నాన్న బిళ్ల తెచ్చాను. రిటైరైన రోజు తిరిగి ఇవ్వలేదు, నేను కూడా అడగలేదు. తీగ చుట్టిన చోట అంచు అరిగి ఉంటుంది, వేలితో తడిమి చూడండి. నంబరు తప్ప పేరు లేదు. ముందు వరుస నుంచి తిప్పండి, వెనక పిల్లల దాకా చేరాలి. మధ్యలో ఎవరూ జేబులో వేసుకోకండి, తిరిగి నా చేతికి రావాలి.