కూర్చోనా, కూసోనా? పునుగు వచ్చాక మా ఇల్లు

రాజమండ్రి: ముందే చెప్పేస్తున్నా. మధ్యలో కరకరమని శబ్దం వస్తే మీ ఇయర్‌ఫోన్ పాడైందని కంగారు పడకండి. మా వాడు క్యారెట్ నములుతున్నాడు.

వరంగల్: క్యారెట్ ఇవ్వకపోతే మైకు వైరు నములుతాడు. పోయిన నెల ఎపిసోడ్ ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

రాజమండ్రి: కొత్తగా వినేవాళ్లకి ఒక మాట. ఇక్కడ మేం పేర్లు వాడం, పుట్టిన ఊళ్ల పేర్లతోనే పిలుచుకుంటాం. నేను రాజమండ్రి, ఈయన వరంగల్. పెళ్లయి రెండేళ్లయింది. హైదరాబాద్ నిజాంపేటలో అద్దె ఫ్లాట్, రెండు బెడ్‌రూములు.

వరంగల్: అందులో ఒకటి ఇప్పుడు వాడిది.

రాజమండ్రి: వాడు మా కుక్కపిల్ల, పేరు పునుగు. దొరికినప్పుడు గుండ్రంగా, గోధుమరంగులో, అప్పుడే నూనెలోంచి తీసినట్టు ఉన్నాడు. అందుకని నేనే పెట్టాను.

వరంగల్: మా అమ్మ ఫోన్లో విని, "కుక్కకు పిల్లి పేరు పెట్టిండ్రేందిరా" అంది. పునుగు పిల్లి ఉంది కదా, తిరుమలలో స్వామివారి అభిషేకానికి తైలం వాడేది, అదనుకుంది. నాకు అప్పటిదాకా తట్టనే లేదు. అప్పటికే టీకా కార్డు మీద పేరు రాసేశారు.

రాజమండ్రి: అసలు వాడు రాకముందు మాది ఇల్లు కాదు, లాడ్జి. శుక్రవారం సాయంత్రం బ్యాగులు సర్దడం, సోమవారం తెల్లవారుజామున దిగడం. ఫ్రిజ్ తీస్తే ఎండిపోయిన నిమ్మకాయ, అమ్మ పంపిన ఆవకాయ, విరిగిపోయిన పాలు.

వరంగల్: అనంతగిరి కొండలకైతే ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. వికారాబాద్ పక్కనే కదా. మూసీ పుట్టేది అక్కడే అంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. నల్లగా పారే నదిని చూసి చూసి, దానికి పచ్చని పుట్టిల్లు ఉందంటే ఎలా నమ్ముతారు?

రాజమండ్రి: గండికోట చెప్పు.

వరంగల్: వద్దు.

రాజమండ్రి: నేను చెప్తా. పెన్నా లోయ మీద సూర్యోదయం చూడాలని రాత్రి పదింటికి బయల్దేరదీశాడు. తెల్లారేసరికి అక్కడికి చేరాం. ఆ ఎర్ర బండల మీద వెల్లకిలా పడుకుని ఈయన గురక. సూర్యోదయం నేనొక్కదాన్నే చూశాను. ఫోటోల్లో మాత్రం ఇద్దరం చూసినట్టే ఉంటుంది.

వరంగల్: రాత్రంతా నడిపింది ఎవరమ్మా కారు? సరే, పునుగు దగ్గరికి రా.

రాజమండ్రి: జూలైలో అనుకుంటా, ముసురు పట్టింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. వాచ్‌మన్ వాళ్లావిడే రోజూ అన్నం పెట్టేది. మూడింటిని ఎవరెవరో తీసుకెళ్లారు. తల్లి కూడా ఒకరోజు నుంచి కనపడలేదు. ఇది మా కారు టైరు వెనకాల నక్కి కూర్చుంది.

వరంగల్: "ఇది" అన్నావు.

రాజమండ్రి: అప్పటికి ఇదే. "వాడు" తర్వాత అయ్యాడు. ఎత్తుకోబోతే భయపడి నా చెయ్యి గీరాడు, సన్నగా రక్తం వచ్చింది. నేను పసుపు రాసుకుని ఊరుకుందామనుకున్నా.

వరంగల్: అక్కడ మాత్రం నేను ఊరుకోలేదు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. కుక్కపిల్లే కదా, చిన్న గీతే కదా అనుకోకూడదు. ఈవిడ టీకా అన్ని డోసులూ వేయించుకుంది. పసుపు వంటింట్లో ఉంటే చాలు.

రాజమండ్రి: సరేనండీ డాక్టరు గారూ. నిజానికి వాణ్ణి ఉంచుకోవాలని మేమేం అనుకోలేదు. ఎవరైనా తీసుకునేదాకా ఓ వారం అనుకున్నాం. ఆ వారం ఇంకా అవుతూనే ఉంది.

వరంగల్: మొదటి వారం నిద్ర లేదు. ఒంటరిగా పడుకోబెడితే ఏడుపు. చివరికి నేను హాల్లో చాప వేసుకుని వాడి పక్కన పడుకున్నాను. కింద ఫ్లాట్ ఆంటీ లిఫ్టులో కనిపించి, "ఏం బాబూ, బుజ్జిబాబా?" అని అడిగారు. కుక్కపిల్లండీ అంటే ఆవిడ మొహం పడిపోయింది.

రాజమండ్రి: మా పిన్ని ఇంకా నయం. "మేం పిల్లలెప్పుడు అంటే మీకు కుక్కపిల్ల అని వినపడిందా" అంది. ఏం సమాధానం చెప్తాం? నవ్వేశాం.

వరంగల్: తర్వాత ఒకటికీ రెంటికీ అలవాటు చెయ్యడం. ఇక్కడ మేం చేసిన తప్పు, ఫినాయిల్. వాడు ఎక్కడ పోస్తే అక్కడ ఫినాయిల్. మనకి శుభ్రమైన వాసన వస్తుంది కానీ, వాడి ముక్కుకి ఆ చోటు గుర్తు పోదు. మళ్లీ అక్కడికే వస్తాడు. పైగా ఫినాయిల్ పాదాలకంటితే నాకుతాడు, అది మంచిది కాదు.

రాజమండ్రి: ముక్కు పట్టి అందులో రుద్దమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. పాపం, వాడికి ఏం అర్థమవుతుంది? మీరు చూస్తుండగా పోయకూడదని మాత్రం నేర్చుకుంటాడు. తర్వాత సోఫా వెనక్కెళ్లి పోస్తాడు. లేవగానే, తినగానే, ఆడగానే బాల్కనీలో పేపరు మీదకి తీసుకెళ్లడం, అక్కడ పోస్తే వెంటనే మెచ్చుకోవడం, అంతే. మూడు వారాలకి దారిలో పడ్డాడు.

వరంగల్: ఇంక అసలు గొడవ మాటలది.

రాజమండ్రి: ఆహా, చెప్పు.

వరంగల్: నేను "కూసో" అంటాను. నువ్వు "కూర్చో" అంటావు. వాడు మన ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడతాడు. వెటర్నరీ డాక్టర్ని అడిగితే, కుక్క అర్థాన్ని కాదు, చప్పుడుని గుర్తుపెట్టుకుంటుంది, ఇంట్లో అందరూ ఒక్కో పనికి ఒక్క మాటే వాడాలి అన్నారు.

రాజమండ్రి: ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని చర్చలు. రెండేళ్ల కాపురంలో సొరకాయా ఆనపకాయా అన్నది తేలలేదు, ఇదేం తేలుతుంది? ఎవరూ గెలవకుండా "సిట్" అనుకున్నాం. కానీ కంగారులో నోట్లోంచి సొంత ఊరే వస్తుంది.

వరంగల్: ఇప్పుడు ఆగస్టు చెప్పాలి.

రాజమండ్రి: (కాసేపు మౌనం) చెప్పు, నువ్వే చెప్పు.

వరంగల్: మొదటి టీకా అయ్యింది. ఇక భయం లేదనుకుని కింద పార్కులో గడ్డి మీద వదిలేవాళ్లం. అది మా తెలివితక్కువతనం. కుక్కపిల్లలకి ఒక్క డోసు సరిపోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదట. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే అన్నిసార్లు.

రాజమండ్రి: ఆ శనివారం తెల్లారి మేం విశాఖ నుంచి అరకు రైలెక్కాలి. విస్టాడోమ్ కోచ్‌లో టికెట్లు, అద్దాల పైకప్పు. సొరంగాలు చూస్తూ వెళ్లి, బొర్రా గుహల దగ్గర దిగుదామని రెండు నెలల ముందే అనుకున్నాం. పునుగుని స్నేహితుల ఇంట్లో వదలాలి. గురువారం రాత్రి వాంతులు మొదలయ్యాయి. శుక్రవారం పొద్దున్నకి రక్తంతో విరేచనాలు. ఆ వాసన నేను మర్చిపోలేను.

వరంగల్: పార్వో, కుక్కపిల్లలకి వచ్చే వైరస్ జబ్బు. పరీక్ష పట్టీ మీద రెండో గీత వచ్చింది. ఆ వైరస్‌ని నేరుగా చంపే మందు లేదు. సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకుంటూ, ఒళ్లు తట్టుకునేదాకా నిలబెట్టాలి. నాలుగు రోజులు పొద్దున తీసుకెళ్లడం, సాయంత్రం తీసుకురావడం. ఆ చిన్న కాలికి సెలైన్ ఎక్కించే కాన్యులా గొట్టం, దాని మీద గులాబీ రంగు బ్యాండేజీ.

రాజమండ్రి: కౌంటర్ దగ్గర అమ్మాయి "పేషెంట్ పేరు?" అంది. ఈయన "పునుగు" అన్నాడు. "ఏమైంది?" అంటే, "వాడు రాత్రి నుంచి నీళ్లు కూడా తాగట్లేదండీ" అన్నాడు. అదిగో, "వాడు" అప్పుడయ్యాడు. రైలు టికెట్ల సంగతి మాకు శనివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. అప్పటికి మా సీట్లు అరకు చేరిపోయి ఉంటాయి.

వరంగల్: డబ్బులు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. నాలుగో రోజు సాయంత్రం గిన్నెలో నీళ్లు తనంతట తను తాగాడు. నేను వీడియో తీశాను. కుక్క నీళ్లు తాగుతున్న వీడియో, రెండు నిమిషాలు. దాన్ని చుట్టాలందరికీ పంపాను, ఎవరూ ఏమీ అనలేదు.

రాజమండ్రి: ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫ్లోర్ క్లీనర్లకి చావదు, నీళ్లలో కలిపిన బ్లీచ్ కావాలి. మీ ఇంట్లో ఆ జబ్బు వస్తే, టీకాలు పూర్తికాని ఇంకో కుక్కపిల్లని కొన్ని నెలలు తీసుకురాకండి.

వరంగల్: అపార్ట్‌మెంట్ గొడవ కూడా చెప్పేద్దాం. గ్రూపులో మెసేజ్ వచ్చింది, కుక్కల్ని లిఫ్టులో తీసుకెళ్లకూడదు, మెజారిటీ నిర్ణయం అని. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు పంపాను. మెజారిటీ ఒప్పుకున్నా సరే, పెంపుడు జంతువుల్ని నిషేధించడం కుదరదు, లిఫ్టూ ఆపకూడదు అని అందులో ఉంది. గ్రూపు నిశ్శబ్దం.

రాజమండ్రి: కాయితం గెలిచింది కానీ, మూడో అంతస్తులో ఒక పాప ఉంది. వీణ్ణి చూస్తే వాళ్లమ్మ కాళ్లని చుట్టేసుకుంటుంది. ఆ పిల్ల భయానికి రూలుతో పనేముంది? వాళ్లు లిఫ్టులో ఉంటే మేం తర్వాతి దాంట్లో వస్తాం. దానికి ఎవరూ మెసేజ్ పెట్టక్కర్లేదు.

వరంగల్: వంట కూడా మారింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి పడవు, రక్తకణాలు దెబ్బతింటాయి. మన వంటింట్లో అవి లేనిదేముంది? పరమాన్నంలో కిస్మిస్ అంతకన్నా ప్రమాదం, కిడ్నీలు పోతాయి. ఉడికించిన ఎముకలు పెట్టకూడదు, చీలికలై గుచ్చుకుంటాయి. అందుకే వాడికి వేరే కుక్కర్. ఉప్పు లేని అన్నం, చికెన్, గుమ్మడికాయ. వాడికి వేడివేడిగా వండుతాం, మేం స్విగ్గీలో తెప్పించుకుంటాం.

రాజమండ్రి: పాలపళ్లు చెప్పు. ఇరవై ఎనిమిదీ ఊడి నలభై రెండు వచ్చాయి. చాలామటుకు మింగేశాడు. ఒకటి సోఫా సందులో దొరికితే ఈయన అగ్గిపెట్టెలో దాచాడు. మా ఊళ్లో పిల్లల పన్నైతే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసురుతారు. ఐదో అంతస్తులో ఉండి ఏ కప్పు మీదకి విసరాలి?

వరంగల్: పేడ అంటే గుర్తొచ్చింది. సంక్రాంతి!

రాజమండ్రి: (నవ్వు) అయ్యో, అది చెప్పాల్సిందే. రైల్లో వెళ్దామంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే దొరకాలి, లేకపోతే వాణ్ణి గార్డు బోగీలో బోనులో పెట్టాలి. పండక్కి కూపే ఎవరిస్తారు? కారులో బయల్దేరాం.

వరంగల్: పంతంగి టోల్ దగ్గర రెండు గంటలు. సగం హైదరాబాద్ అక్కడే ఉంది. వాడు చౌటుప్పల్ రాకముందే నా ఒళ్లో వాంతి చేసుకున్నాడు. చిన్న కుక్కలకి ప్రయాణం పడకపోవడం మామూలేనట. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకూడదని మాకు తర్వాత తెలిసింది. సూర్యాపేటలో నేను ప్యాంటు మార్చుకున్నాను. విజయవాడ దాటాక పడుకున్నాడు, కొవ్వూరులో గోదావరి గాలి తగిలితే లేచాడు.

రాజమండ్రి: మా నానమ్మకి మడి. "కుక్కని గడప దాటనిస్తే నేను అన్నం తినను" అంది. గడప ముందు బియ్యప్పిండితో ముగ్గేసి, ఇది దాటకూడదని వాడికే చెప్పింది. వాడు చాలా శ్రద్ధగా విన్నాడు. తర్వాత ముగ్గు మొత్తం నాకేశాడు.

వరంగల్: అది భోగి ముందురోజు. పండగ పొద్దున ఎదురింటివాళ్లు ముగ్గు మధ్యలో గొబ్బెమ్మలు పెట్టారు. పైన బంతిపువ్వు, పసుపు, కుంకుమ. నా చేతిలోంచి తాడు జారింది. గౌరమ్మగా భావించి పెట్టిన గొబ్బెమ్మని వాడు నోట కరుచుకుని వీధంతా పరుగు.

రాజమండ్రి: ఎదురింటి అత్తయ్యగారు చేతిలో పళ్లెంతో అలాగే నిలబడిపోయారు. ఈయన "కూసో, కూసో", నేను "కూర్చో, సిట్, ఆగు". వీధిలో సగంమంది నవ్వుతున్నారు, మిగతా సగం వీడియో తీస్తున్నారు.

వరంగల్: అప్పుడు నానమ్మ గడప దగ్గర నుంచే, లేవకుండా, ఒక్క కేక. "ఉండ్రా!"

రాజమండ్రి: టక్కున కూర్చున్నాడు. గొబ్బెమ్మ నోట్లోనే ఉంది, బంతిపువ్వు బయటికి వేలాడుతోంది.

వరంగల్: ఆరు నెలలు నేర్పాం మేం. ఆవిడ ఒక్కసారి అంది.

రాజమండ్రి: గడప మాత్రం దాటనివ్వలేదు సుమా. నాలుగు రోజులూ వరండాలోనే. వెళ్లేముందు వాడికి నులిపురుగుల మందు వేయించారా అని రెండుసార్లు అడిగింది. గొబ్బెమ్మ తిన్నాడు కదా.

వరంగల్: వేయించాం. ఇప్పుడు చూడు, క్యారెట్ అయిపోయింది, వైరు వైపు వస్తున్నాడు. కూసో. కూసో రా.

రాజమండ్రి: కూర్చో, నాన్నా. కూర్చో.

వరంగల్: నువ్వే అను ఇంక.

రాజమండ్రి: నేననను. నువ్వను.

వరంగల్: ఉండ్రా!

(ధబ్బుమని చప్పుడు)